సకినాలు పేలకుండా, విరగకుండా: నలుగురు కూర్చుని ఒక్క పూటలో చేసుకునే పద్ధతి

తెలంగాణలో సంక్రాంతికి బియ్యప్పిండిని చుట్లుగా చుట్టి నూనెలో వేయించే పిండివంట సకినాలు. జనవరి వచ్చిందంటే వీటి గురించి ఇవే ప్రశ్నలు. "సకినాలు నూనెలో వేయగానే టపటపా పేలుతున్నాయి, ఎందుకు?" "బట్ట మీంచి తీస్తుంటే ముక్కలైపోతున్నాయి." "పైన ఎర్రబడుతున్నాయి, లోపల మెత్తగానే ఉంటున్నాయి." ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా మొత్తం వరసగా రాస్తే మేలనిపించింది.

సకినాల్లో పడేవి నాలుగే: బియ్యం, నువ్వులు, ఓమ, ఉప్పు. ఓమ అంటే వామే. పాకం పట్టే పని లేదు, కొలత తప్పితే మొత్తం పోతుందన్న టెన్షన్ లేదు. చిక్కంతా తడి దగ్గరే. బియ్యంలో ఎంత తడి ఉండాలి, పిండిలో ఎంత, బట్ట మీద ఎంత ఆరాలి అన్నది తెలిస్తే సకినాలు వచ్చేసినట్టే. అందుకే ప్రతి మెట్టు దగ్గరా తడిని ఎలా పరీక్షించాలో రాశాను. ఆ పరీక్షలు మాత్రం వదిలేయకండి.

ఇంకో మాట. ఒక్కరే కూర్చుని చేయాలనుకుంటే ఈ వంట మానేయండి, కొనుక్కోండి. పిండి ఆరిపోయేలోపు చుట్టాలి, చుట్టినవి మరీ ఎండిపోయేలోపు వేయించాలి. ఒక్క మనిషికి రెండు చేతులే. తెలంగాణ పల్లెల్లో ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వాడకట్టు ఆడవాళ్లంతా వంతులేసుకుని చేసుకోవడం ఊరికే రాలేదు. ముగ్గురు, నలుగురు స్నేహితులను పిలవండి. ఇద్దరు చుట్టాలి, ఒకరు పిండి తడుపుతూ అందించాలి, ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి. మగవాళ్లు గిర్నికి, అంటే పిండి మరకు, పోయి రావడంతో తమ పని అయిపోయిందనుకుంటారు. చుట్టడం వాళ్లకీ వస్తుంది, కూర్చోబెట్టండి.

కావలసినవి

ఈ లెక్క కిలో బియ్యానికి. నాలుగైదు చుట్ల సకినాలు 40 నుంచి 50 దాకా వస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు ఇంతకు మించి పెట్టుకోవద్దు.

- బియ్యం 1 కిలో. ఆ ఏటి కొత్త బియ్యమైతే మంచిది, పిండికి జిగురు ఉంటుంది. రేషన్ బియ్యంతోనూ బాగా వస్తాయి. బాస్మతి వద్దు.
- తెల్ల నువ్వులు 200 గ్రాములు. గుల్లదనం వీటి వల్లే వస్తుంది, తగ్గించకండి.
- ఓమ 2 పెద్ద చెంచాలు
- ఉప్పు 4 చిన్న చెంచాలు, తలగొట్టి
- పల్లి నూనె 1 లీటరు
- ఉతికిన పాత కాటన్ చీర లేదా పంచె. పాలిస్టర్ కలిసిన బట్ట పనికిరాదు, తడి పీల్చదు.
- సన్న జల్లెడ, వెడల్పాటి మూకుడు, అంచు లేని పల్చటి పళ్లెం లేదా అట్లకాడ, పొడవాటి సన్నని పుల్ల ఒకటి

1. ముందు రోజు రాత్రి బియ్యం నానబెట్టండి

రెండు మూడు సార్లు కడిగి, మునిగి పైన నాలుగు వేళ్లు నిలిచేలా నీళ్లు పోయండి. కనీసం ఆరు గంటలు నానాలి. రాత్రంతా నానినా ఇబ్బంది లేదు గానీ పొద్దున్నే నీళ్లు మార్చండి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. గింజను గోటితో నొక్కితే పొడిపొడిగా చిట్లాలి. మధ్యలో గట్టిగా తగిలితే ఇంకా నాననివ్వండి.

2. వడకట్టి, కాసేపు ఆరబెట్టండి

జల్లిగంపలో వేసి అరగంట వదిలేయండి. నీళ్ల బొట్లు ఆగాక, నీడలో బట్ట మీద పల్చగా పరవండి. ఎండలో పెట్టొద్దు. ఫ్యాను కూడా వద్దు. ఇరవై నిమిషాల నుంచి అరగంట చాలు.

గుప్పెడు బియ్యం పట్టుకుని వదిలేయండి. చేతికి నాలుగైదు గింజలు అంటుకోవాలి, అరచేయి చెమ్మగా ఉండాలి, నీళ్లు మాత్రం కనబడకూడదు. గింజలన్నీ జారిపోయి చేయి పొడిగా ఉంటే ఎక్కువ ఆరబెట్టారు. అలాంటప్పుడు కాసిని నీళ్లు చిలకరించి, కలిపి, పది నిమిషాలు మూత పెట్టండి.

3. గిర్ని పట్టించండి

అన్ని గిర్నీల్లోనూ తడి బియ్యం పట్టరు, ముందే అడిగి పెట్టుకోండి. మీకంటే ముందు ఎవరైనా కారం పట్టించారేమో కూడా చూసుకోండి.

పిండి వేడిగా వస్తుంది. ఆ వేడి మీదే స్టీలు డబ్బాలో పోసి మూత బిగిస్తే లోపల ఆవిరి నీళ్లయి పిండి ఉండలు కడుతుంది. ఆ ఉండలే తర్వాత నూనెలో పేలేవి. ఇంటికి రాగానే వెడల్పాటి గంజులో (గిన్నెలో) పోసి చల్లారనివ్వండి, సన్న జల్లెడతో జల్లించండి, తర్వాత తడిపి పిండిన బట్ట కప్పండి. ఈ పిండిని అదే రోజు వాడేయాలి.

గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విరిగిపోవాలి.

గిర్ని దగ్గరలో లేనివాళ్లు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లు మిక్సీలో కొద్దికొద్దిగా వేసి పట్టండి. జల్లిస్తే పైన రవ్వ మిగులుతుంది, దాన్ని మళ్లీ వేయండి. ఆఖరున మిగిలే పిడికెడు రవ్వను ఉప్మాలో కలుపుకోండి, పిండిలో మాత్రం కలపొద్దు. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నీళ్లు చిలకరించి, కలిపి, జల్లించి, రెండు గంటలు మూత పెట్టి వాడితే సకినాలంటూ వస్తాయి. కానీ గట్టిగా ఉంటాయి, పళ్లతో పోరాడాలి. నేనైతే చేయను.

4. పిండి కలపండి, కానీ ఒకేసారి మొత్తం తడపకండి

నువ్వులు కడిగి, ఇసుక లేకుండా చూసి, నీళ్లు ఓడ్చి ఆరబెట్టి ఉంచుకోండి. వేయించక్కర్లేదు. ఓమను అరచేతుల మధ్య నలిపి వేయండి. ఉప్పును నేరుగా చల్లకుండా గ్లాసు నీళ్లలో కరిగించి పోస్తే అంతటా సమానంగా పడుతుంది. పొడి పిండిలో నువ్వులు, ఓమ మాత్రం కలిపి పెట్టుకోండి. అందులో నుంచి మూడో వంతు వేరే గంజులోకి తీసి, ఉప్పు నీళ్లు కూడా మూడో వంతే పోసి, ఆపైన మామూలు చన్నీళ్లతో తడపండి. అది అయిపోవస్తుండగా రెండో వంతు. మొత్తం ఒకేసారి తడిపితే చివరికొచ్చేసరికి పిండి బిగిసి, చుట్టు తెగుతూ ఉంటుంది.

వేడినీళ్లు వద్దు. జంతికల్లో పోసినట్టు కాచిన నూనె, వెన్న అసలే వద్దు, సకినం నూనెలో విడిపోతుంది.

పిండి జంతికల పిండి కన్నా బాగా మెత్తగా ఉండాలి. నీళ్లు కలిపేశాం కదా అని ఆగిపోకండి, ఐదు నిమిషాలు అరచేతితో బాగా పిసకండి. చిన్న ముద్ద తీసి రెండు వేళ్లతో లాగి చూడండి. వెంటనే తెగకుండా కాస్త సాగితే సరిపోయింది. పగుళ్లతో తెగితే చెయ్యి తడి చేసుకుని మళ్లీ పిసకండి. వేళ్లకు అంటుకుని రాకపోతే నీళ్లు ఎక్కువయ్యాయి, పక్కనున్న పొడి పిండి ఒక గుప్పెడు కలపండి. మూడో వంతుగా కలుపుకోవడంలో రెండో లాభం ఇదే, సరిచేసుకోవడానికి పొడి పిండి చేతిలో ఉంటుంది.

ఇప్పుడే కాస్త నాలుక మీద పెట్టి ఉప్పు చూడండి. వేగాక తడి పోయి ఉప్పు పైకి తేలుతుంది కాబట్టి పచ్చి పిండిలో కొంచెం తక్కువ అనిపించాలి.

5. చుట్టడం

మందంగా మడిచిన దుప్పటి మీద కాటన్ చీర రెండు మడతలుగా, ముడతలు లేకుండా పరవండి. నేల మీద కూర్చోలేనివాళ్లు పెద్ద డైనింగ్ టేబుల్ మీద పరుచుకోవచ్చు, అది తప్పేమీ కాదు. చాలా ఇళ్లలో మొదట కాస్త పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి మొదలుపెడతారు.

నిమ్మకాయంత పిండి కుడి అరచేతిలో పెట్టుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటి కొసల్లోంచి పిండి కిందికి దిగాలి. బొటనవేలు చూపుడువేలి మీద ముందుకు జరుగుతూ ఉంటే పిండి మెలి తిరుగుతుంది, అచ్చం దీపానికి వత్తి పేనినట్టు. మెలి తిరిగిన పిండిని బట్ట మీద వదులుతూ చేతిని గుండ్రంగా జరుపుతూ పోవాలి. వేళ్లు తిప్పేది, చేయి జరిపేది ఒకేసారి సాగాలి. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. చేయి ముందుకు పరిగెత్తితే చుట్టు సన్నబడి తెగుతుంది, వేళ్లు ఎక్కువ తిప్పి చేయి ఆగితే బొద్దుగా పోగవుతుంది.

ఊలు అల్లేవాళ్లకు, క్రోషా పట్టేవాళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది. వేళ్ల మధ్య సమానంగా బిగువు పట్టడం వాళ్లకు ముందే అలవాటు కదా.

మొదట నీళ్ల సీసా మూతను బట్ట మీద బోర్లించి దాని చుట్టూ తొలి చుట్టు వేయండి. మూత తీసేసి, ఆ చుట్టును ఆనుకుని రెండోది, మూడోది. చుట్టు పక్క చుట్టుకు తగలాలి, మీదికి ఎక్కకూడదు. మధ్యలో సందు ఉంటే తీసేటప్పుడు రింగులుగా ఊడిపోతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ మందమై లోపల వేగదు. చేతిలో పిండి అయిపోతే కొత్త పిండి కొసను పాత కొస మీద పెట్టి చిన్నగా నొక్కండి. ఆఖరి కొసను కూడా పక్క చుట్టుకు అంటించాలి.

మొదటి నాలుగైదు వంకరగా వస్తాయి, వస్తే రానివ్వండి. స్టీలు పళ్లెం వెనకవైపు ప్రాక్టీసు చేస్తే పాడైన వాటిని గీకి మళ్లీ గంజులో వేసుకోవచ్చు. బట్ట మీద వేసి తీస్తే నూలు పోగులు పిండిలోకి వస్తాయి. మొదటిసారి మూడు చుట్లతో ఆపండి. పండగ సారెలో వియ్యాలవారికి పంపే పెద్ద పెద్ద సకినాలు చూసి ఆశపడి ఏడు చుట్లు పెడితే తీసేటప్పుడు ఏడుపొస్తుంది.

ఎంతకీ చేయి తిరగనివాళ్లు జంతికల గొట్టంలో నక్షత్రం బిళ్ల వేసి వత్తుకోవచ్చు. రుచి దగ్గరగానే ఉంటుంది, ఆ మెలిక మాత్రం ఉండదు. పెద్దవాళ్లు దాన్ని సకినం అని ఒప్పుకోరు, అది వేరే సంగతి.

6. ఆరనివ్వండి

గంట నుంచి రెండు గంటలు. ఎండాకాలం చేస్తే త్వరగా, మబ్బు పట్టిన రోజైతే ఆలస్యంగా ఆరతాయి. చలి దేశాల్లో హీటర్ వేసిన గదిలో ముక్కాలు గంటకే ఒకసారి చూడండి. ఫ్యాను నేరుగా మీద పడకూడదు. పైన చెక్కు కట్టి లోపల తడి అలాగే ఉండిపోతుంది, నూనెలో పడగానే ఆ తడి ఆవిరై బయటికి దారి లేక పగలగొట్టుకుని వస్తుంది. పేలడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

మనం కోరుకునేది పైన ఎండటం కాదు, కింద నుంచి బట్ట తడి పీల్చుకోవడం. ఒక సకినం అంచు మెల్లగా ఎత్తి చూడండి. బట్ట మీద తడి గుండ్రంగా కనబడాలి, సకినం అడుగున పిండి అంటుకోకుండా రావాలి, మెలిక మాత్రం ఇంకా చల్లగా, చెమ్మగా తగలాలి. సన్న పగుళ్లు కనబడితే మించిపోయింది, వెంటనే వేయించడం మొదలుపెట్టండి. రాత్రి చుట్టి పొద్దున వేయిస్తాం అనుకోవద్దు.

ఈ ఖాళీలోనే అసలు కబుర్లు సాగేది. టీ పెట్టుకోండి, ఊలు సంచి తెచ్చుకున్నవాళ్లు తీసి నాలుగు వరసలు అల్లుకోండి. ఆరకముందే రెండు మూడు సకినాలు తీసి, తక్కువ సేపు వేయించి, మెత్తగా ఉండగానే పచ్చిమిర్చి కారంతో తినే ఇళ్లున్నాయి. తీసేటప్పుడు విరిగినవాటిని అందుకు వాడండి.

7. వేయించండి

మూకుడులో సగానికి మించి నూనె పోయొద్దు. చిటికెడు పిండి వేస్తే అడుక్కి వెళ్లి వెంటనే పైకి తేలాలి. పొగ రాకూడదు.

ముందు ఒక్కటే వేయండి. అప్పుడే నాలుగు వేయొద్దు. పళ్లేన్ని సకినం కిందికి మెల్లగా తోసి, నూనె అంచు దాకా తెచ్చి జారనివ్వండి, పైనుంచి వదలొద్దు. వేశాక ముఖం వెనక్కి పెట్టుకోండి. నిమిషం దాకా కదపకండి, పచ్చిగా ఉన్నప్పుడు కదిపితే విరుగుతుంది. ఆ ఒక్కటీ పేలకుండా వేగితే తర్వాత మూకుడు పట్టినన్ని వేసుకోవచ్చు.

మంట మధ్యస్థంగా ఉంచండి. వేయగానే నురగ బాగా వస్తుంది, తడి పోయే కొద్దీ తగ్గుతుంది. నురగ దాదాపు ఆగిపోయి, గరిటెకు తగిలితే గలగలమనే చప్పుడు వచ్చినప్పుడు తీయాలి. రంగు కోసం చూస్తూ కూర్చోకండి. మంచి సకినం తెల్లగా, కొద్దిగా మీగడ రంగులో ఉంటుంది. ఎర్రబడిందంటే మంట ఎక్కువైంది. మధ్య రంధ్రంలో పుల్ల దూర్చి ఎత్తితే నూనె కారిపోతుంది. జల్లిబుట్టలో పడుకోబెట్టకుండా నిలబెట్టండి.

పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వొద్దు. నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయొద్దు, స్టవ్ ఆపి మూత పెట్టండి. చేతి మీద నూనె చిందితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. పసుపు, టూత్‌పేస్టు పూయొద్దు. బొబ్బ పెద్దదైతే డాక్టరుకు చూపించండి.

8. మొదటి వాయి చల్లారాక విరిచి చూడండి

వేడి మీద ఏ సకినమైనా కాస్త మెత్తగానే ఉంటుంది, పది నిమిషాలు ఆగండి. విరిస్తే చప్పుడు రావాలి, లోపలి చుట్టు కూడా బయటి చుట్టులాగే పెళుసుగా ఉండాలి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేసుకోవచ్చు.

*పేలుతుంటే:* వెంటనే స్టవ్ ఆపండి. పిండిలో ఉండలున్నాయా, సరిగ్గా పిసికారా, పైన చెక్కు కట్టిందా చూడండి. మిగిలిన పిండిని మళ్లీ జల్లించి, కలిపినదాన్ని మళ్లీ పిసకండి. ఇప్పటికే చుట్టినవి మరీ ఎండిపోతే తడి చేత్తో నలిపి ముద్ద చేసి తిరిగి చుట్టుకోవచ్చు. ఎండినవాటి మీద నీళ్లు చల్లి వేయించడం మాత్రం ప్రమాదం, ఎవరు చెప్పినా చేయకండి.

*రాయిలా ఉంటే:* పిండి బిగువుగా కలిపారు, లేదా పొడి పిండి వాడారు. తర్వాతి వంతును మెత్తగా కలపండి.

*నూనె పీలిస్తే:* పిండి జారుగా అయింది, లేదా నూనె కాగకుండానే వేశారు.

*పైన ఎరుపు, లోపల మెత్తన:* మంట పెద్దది. లేదా చుట్లు లావుగా ఉన్నాయి, చిటికెనవేలి కన్నా సన్నగా చుట్టండి.

*తీసేటప్పుడు విరుగుతుంటే:* ఇంకో పావుగంట ఆరనివ్వండి. అప్పటికీ విరుగుతుంటే సందులు వదిలి చుట్టారన్నమాట.

9. దాచుకోవడం

పూర్తిగా చల్లారాక, అంటే వేయించడం ముగిశాక ఇంకో రెండు గంటలకు, పొడి స్టీలు డబ్బాలో పేర్చండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే మర్నాటికి మెత్తబడతాయి. అలా మెత్తబడితే ఓవెన్‌లో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. బాగా వేగినవి మూడు నాలుగు వారాలు నిలవుంటాయి. తడి చేయి పెట్టనంతవరకే. పని చేసిన నలుగురూ సమానంగా పంచుకోండి. విరిగినవన్నీ ఆ ఇంటివాళ్లకు అంటగట్టడం న్యాయం కాదు.

పిండి మిగిలితే

మర్నాటికి దాచొద్దు, పులుస్తుంది. ఆ రాత్రికే సర్వపిండి చేసేయండి. మిగిలిన పిండిలో నానబెట్టిన పచ్చిశనగపప్పు, దంచిన పల్లీలు, పచ్చిమిర్చి ముద్ద, సన్నగా తరిగిన ఉల్లాకు, కరివేపాకు కలపండి. తడిపిన సకినాల పిండిలో ఉప్పు ముందే ఉంది, మళ్లీ వేయకండి. అడుగు మందమున్న గంజుకు నూనె రాసి, లోపల పిండిని పల్చగా తట్టి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేయండి. మూత పెట్టి సన్నమంట మీద అడుగు ఎర్రబడేదాకా ఉంచాలి. రెండోది తట్టే ముందు గంజును చన్నీళ్ల కుళాయి కింద పెట్టి చల్లార్చి తుడవండి, వేడి గంజులో పిండి అంటదు, వేళ్లు కాలతాయి. అందుకే రెండు గంజులుంటే పని సులువు, ఒకటి చల్లారేలోపు ఇంకోటి పొయ్యి మీద ఉంటుంది.